పరదేశపు సిపాయిల ఇంటికథలు

మా చిట్యాల హైదరాబాదు - విజయవాడ రోడ్డు మీది ఊరు. పట్నానికి సుమారు 80 కిలోమీటర్ల దూరం. రోడ్డు మీది ఊళ్ళకు ఒక భాగ్యం ఉన్నది. ఊరివారు ఎక్కడికీ కదలకపోయినా లోకమే వారి గుమ్మాల ముందునుండి నడచి పోతూ ఉంటుంది. గోలకొండ సుల్తానుల నాడు మచిలీపట్నం రేవు నుండి రాజధానికి పోయే బాట ఈ నల్లగొండ సీమ మీదుగానే సాగేది. వజ్రాల బేరగాండ్రు, గుర్రాల వర్తకులు, డచ్చివారు, ఫ్రెంచివారు ఆ బాట దుమ్మును ఎరిగినవారే. 1948 సెప్టెంబరులో భారత సైన్యంలోని ఒక విభాగం విజయవాడ నుండి సూర్యాపేట మీదుగా ముందుకు వచ్చినది కూడా ఈ దిక్కునుండే.

ఆ బాటసారులలో వర్తకులు కొందరు తమ ప్రయాణాలను తామే వ్రాసుకొన్నారు. టావెర్నియరు గ్రంథం నేటికీ అచ్చులో దొరుకుతుంది. రాజుల సంగతి వ్రాయుటకు ఆస్థానంలో చరిత్రకారులు ఉండనే ఉన్నారు. ఇక మిగిలినవాడు సిపాయి. సముద్రాలు దాటి, కొండలు దాటి, కత్తిని నమ్ముకొని ఈ దక్కను పీఠభూమికి వచ్చి, ఇక్కడి ప్రభువుల కొలువులో చేరి, వారి శరీర రక్షకుడనిపించుకొన్నంతగా ఎదిగి, ఇక్కడనే పెండ్లాడి, ఇక్కడి మట్టిలోనే కలిసిపోయిన పరదేశపు సిపాయి ఉన్నాడు. అతడు తన కథను ఎవరికి చెప్పినాడు? ఆ కథ ఎక్కడ ఉన్నది? నేటి ప్రసంగ విషయం ఇదే.

చిట్యాలలో బస్సు ఎక్కి చౌటుప్పల్, హయత్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ దాటినవారికి మూసారాంబాగ్ అనే పేట తగులుతుంది. మూసారాం ఎవరో మహర్షి అనుకొనేవారు ఉన్నారు. ఆయన పేరు మిషెల్ జొయాకిం మరీ రేమండ్. ఫ్రాన్సు దేశపు గాస్కనీ ప్రాంతంలో 1755లో పుట్టినాడు. ఇరవై ఏండ్ల వయసున పుదుచ్చేరికి వచ్చి, క్రమంగా రెండవ నిజాము కొలువులో చేరి, పదునాలుగు వేల సిపాయిలకు సేనాని అయినాడు. "ముస్యే రేమండ్" అనే పిలుపు జనం నోట మూసారాం అయినది. ముసల్మానులు ఆయనను మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు. 1798 మార్చి 25న ఆయన మరణించినాడు. సమీపపు గుట్ట మీద నల్లరాతి అరుగు, దాని మీద ఎత్తైన స్తంభం, స్తంభం మీద ఆయన పేరులోని పొడి అక్షరాలు నేటికీ కనిపిస్తవి. చాలా కాలం ఏటేటా అక్కడ ఉరుసు కూడా జరిగినది.

ఆయన చనిపోయిన ఏడే, అక్టోబరులో, ఇంగ్లీషువారు ఆ సేనను నిరాయుధం చేసి ఇండ్లకు పంపివేసినారు. సేనానికి స్తంభం మిగిలినది, పేటకు పేరు మిగిలినది. ఆ పదునాలుగు వేలమందిలో ఒక్కడైనా తన మనుమలకు ఏమి చెప్పుకొన్నాడో మనకు తెలియదు. సిపాయి కథకు సర్వసాధారణంగా పట్టే గతి ఇదేనని ముందుగానే చెప్పుకొంటే, తరువాతి సంగతులు సులభంగా బోధపడుతవి.

ప్రభుత్వాలు సిపాయిని గూర్చి ఏమీ వ్రాసి పెట్టలేదని మాత్రం అనరాదు. వ్రాసినవి. హైదరాబాదు తార్నాకలో రాష్ట్ర ప్రాచీన పత్రాల భాండాగారం ఉన్నది. అందులో షాజహాను, ఔరంగజేబు కాలాలనాటి మొగలు దక్కను పత్రాలు లక్షకు మించి ఉన్నవి. వాటిలో ఒక తరగతిని "అర్జ్-ఓ-చెహ్రా" అంటారు. చెహ్రా అనగా ముఖం. కొలువులో చేరిన ప్రతి సిపాయి ముఖవర్ణన ఆ కాగితంలో ఉంటుంది. పేరు, తండ్రి పేరు, జాతి, ఒంటి రంగు, నుదురు వెడల్పా ఇరుకా, కనుబొమలు కలిసినవా విడివడినవా, ముక్కు తీరు, పుట్టుమచ్చ ఎక్కడ ఉన్నది, కత్తిగాటు ఎక్కడ ఉన్నది, ఎత్తు ఎంత అన్నీ వ్రాస్తారు. గుర్రానికి వేసిన ముద్ర సైతం వ్రాస్తారు. జీతం తీసుకొనే వేళ ఒకనికి బదులు మరొకడు రాకుండుటకు ఈ ఏర్పాటు. ఈ పత్రాలలో కొన్నింటిని డాక్టరు యూసుఫ్ హుసేన్ ఖాను గారి సంపాదకత్వాన 1950లో హైదరాబాదులోనే ప్రకటించినారు.

ఆ వర్ణనలు చదివినవారికి ఒక విచిత్రమైన అనుభూతి కలుగుతుంది. మూడువందల ఏండ్లనాటి మనిషి ముఖం మన కండ్లముందు నిలుస్తుంది. ఎడమ చెంప మీది మచ్చ కూడా తెలుస్తుంది. కాని ఆ నుదుటి గాయం ఏ యుద్ధంలో తగిలినది, తల్లి ఏమని పిలిచేది, ఇంటినుండి ఎందుకు బయలుదేరినాడు అనేవి ఆ కాగితంలో ఉండవు. గుమాస్తాకు వాటితో పని లేదు. ముఖం సర్కారు దఫ్తరులో ఉన్నది, మాట ఇంటిలో ఉన్నది. దఫ్తరు చెదలు పట్టకుండా ఉన్నది కాని, ఇల్లు తరాలు మారుతూ పోయినది.

దక్కనులో పరదేశపు సిపాయి కొత్తవాడు కాడు. ఇథియోపియాలో పుట్టి, బానిసగా అమ్ముడుపోయి, అహమద్‌నగరు రాజ్యానికే దిక్కై, జహంగీరు చక్రవర్తిని ముప్పుతిప్పలు పెట్టిన మలిక్ అంబరు 1626లో మరణించినాడు. ఆ శతాబ్దంలోనే మన ఆదవానిని బిజాపురం పక్షాన ఏలిన సిద్ది మసూదు ఖాను కూడా ఆఫ్రికా సంతతివాడే. ఆదవాని జామా మసీదు ఆయన కట్టించినదే. ఐతే నేను చెప్పదలచినది ఇట్టి మహాపురుషులను గూర్చి కాదు. వీరికి గ్రంథాలు ఉన్నవి.

19వ శతాబ్దపు హైదరాబాదు రాజ్యంలో అరబ్బు సిపాయిలకు గొప్ప పలుకుబడి ఉండేది. వీరిలో అధికులు దక్షిణ అరేబియాలోని హద్రమౌతు ప్రాంతంవారు. రాళ్ళూ ఇసుకా తప్ప మరేమీ కానరాని దేశం. వాన పడితే పంట, లేకుంటే వలస. మన పాలమూరువారికి ఇది వేరుగా వివరించి చెప్పనక్కరలేదు. వలసపోయిన హద్రమీలలో కొందరు జావాకు, కొందరు తూర్పు ఆఫ్రికా తీరానికి పోయి వర్తకులైనారు. హైదరాబాదుకు వచ్చినవారు తుపాకి, జంబియా అనే వంకర బాకు ధరించి కొలువులో చేరినారు. వీరిని ఇక్కడ "చావూషులు" అన్నారు. అది తురకీ సైన్యపు హోదా పేరు. వీరి నాయకులు జమాదార్లు.

జమాదారు అనగానే నేడు మనకు చిన్న ఉద్యోగి తోచవచ్చును. ఆనాటి జమాదారు సర్కారుకే అప్పు ఇచ్చినవాడు. ఇచ్చిన బాకీ క్రింద తాలూకాల శిస్తు వసూలును చేత పెట్టుకొన్నవాడు. ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ అనే ఆయన హద్రమౌతులోని షిబాం ప్రాంతం నుండి బయలుదేరి, ముందు నాగపూరులో, తరువాత హైదరాబాదులో కొలువు చేసి, ఇక్కడ గడించిన ధనంతో స్వదేశంలో తన వంశానికి ఒక రాజ్యమే సంపాదించి పెట్టినాడు. ముకల్లా రేవు రాజధానిగా ఆ ఖుఐతీ సుల్తానులు 1967 వరకు ఏలినారు. వారికి ప్రత్యర్థులైన కథీరీ వంశంవారు, ఔలకీ తెగవారు కూడా హైదరాబాదు జమాదారీలలో గడించినవారే. అనగా మన తెలంగాణపు రైతు చెల్లించిన శిస్తులో కొంత భాగం అరేబియా ఎడారిలో కోటలకు ఖర్చైనదన్నమాట. ఈ సంగతి మన బడి పుస్తకాలలో లేదు.

సాలార్‌జంగు దివాను 1853లో అధికారానికి వచ్చిన తరువాత ఈ జమాదార్ల చేతులలోని తాలూకాలను ఒక్కొక్కటిగా విడిపించి, వారిని క్రమపద్ధతికి లోబరచినాడు. సిపాయిలు మాత్రం మిగిలినారు. చాంద్రాయణగుట్ట అవతల వారి బారకాసులు ఉన్న చోటు "బార్కస్" అయినది. ఇంగ్లీషు బ్యారక్స్ అరబ్బు నాలుకకు అట్లు తిరిగినది. బార్కస్ జామకాయలు, బార్కస్ హరీసు పట్నమంతటా ప్రసిద్ధములు. తెల్లవారుజామున గోధుమలు, మాంసము కలిపి ఉడికించిన హరీసును పళ్ళెములలో పెట్టుకొని తినే ఆ వీధులలో నేటికీ హద్రమౌతు తెగల పేర్లు ఇంటిపేర్లుగా వినవస్తవి.

మన పల్లెల జ్ఞాపకం వేరు. దానిని దాచి పెట్టుట న్యాయం కాదు. నల్లగొండ, మహబూబ్‌నగరు పల్లెలలో పెద్దలను అడిగితే అరబ్బు, రోహిల్లా అనే మాటలు భయంతోనే ముడిపడి ఉంటవి. షావుకారు తరఫున, దేశముఖు తరఫున అప్పు వసూలుకు వచ్చి బాకీదారు గడపలో కూర్చొని, బాకీ చెల్లనిదే కదలని మనుష్యులుగానే వారిని పల్లె ఎరుగును. వడ్డీకి ఇచ్చి కర్రతో వసూలు చేసే రోహిల్లా పేరు చెప్పి ఏడ్చే పిల్లలను ఊరడించిన తల్లులు ఉండేవారు. పట్నంలో ఆ సిపాయి మనుమడు "మా తాత నిజాము ఉప్పు తిన్నవాడు" అని గర్వంగా చెప్పును. ఇక్కడ ఆ బాకీదారు మనుమడు మరొకటి చెప్పును. రెండూ సత్యమే కావచ్చును. కథలు కూర్చేవారు ఒక ఇంటికి పోయి రెండవ ఇంటి గడప తొక్కకుంటే అది చరిత్ర కానేరదు, పొగడ్త మాత్రమే అవుతుంది.

ఇక మన సీమకు అన్నింటికంటె దగ్గరిది ఆఫ్రికా రౌతుల కథ. దీని మొదలు పట్నంలో కాదు, పాలమూరులో.

కృష్ణా పరిసరాలలో గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు మొదలైన సంస్థానాలు ఉండేవి. ఇవి నిజాముకు కప్పం కట్టుతూ తమ సీమలలో తామే ఏలుకొన్నవి. పండితులకు, కవులకు ఇవి ఇచ్చిన ఆదరణను గూర్చి తరచు వింటూ ఉంటాము. సైన్యాలను గూర్చి అంతగా వినము. వనపర్తి సంస్థానాధీశులు రెడ్డివారు, జనుంపల్లి వంశంవారు. పూర్వం వీరి ముఖ్యస్థానం సూగూరు. 19వ శతాబ్ది నడిమి కాలంలో ఆ సంస్థానాన్ని ఏలిన మొదటి రాజా రామేశ్వరరావు గారు తమ సైన్యంలో ఆఫ్రికావారితో ఒక అంగరక్షక దళాన్ని ఏర్పాటు చేసినారు. తెలుగు పలుకుబడి గల రెడ్డి ప్రభువు ముంగిట, వేరుసెనగ, జొన్న పండే ఎర్రనేలల నడుమ, ఆఫ్రికా తీరపు యువకులు బల్లెములు పట్టి కాపలా కాచినారు. ఆ దళమే తరువాత నిజాము కొలువునకు మారినది. హైదరాబాదు సైన్యంలో "ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్" అనే పేర ప్రత్యేక రిసాలాగా నిలిచినది. నిజాము ఊరేగింపులలో ఆయన సవారీ వెంట గుర్రాల మీద నడచే రక్షకులు వీరు. సామాన్య సిపాయికి దక్కని గౌరవం అది.

వీరిని హబ్షీలనీ, సిద్దీలనీ అంటారు. హబ్షీ అనగా అబిసీనియావాడు. కాని వీరందరూ అబిసీనియావారే కారు. జాంజిబారు మొదలుకొని తూర్పు ఆఫ్రికా తీరమంతటి నుండి అరబ్బు ఓడలలో వచ్చినవారు వీరిలో ఉన్నారు. కొందరు జీతానికి వచ్చినారు, కొందరు అమ్ముడుపోయి వచ్చినారు. ఈ రెండవ మాటను ఇంటివారు సులభంగా చెప్పుకొనరు. ఏ ఇంటివారైనను తమ ముత్తాతను సంతలో నిలబెట్టి వెల కట్టినారని పరుల ముందు చెప్పుకొనుటకు సిద్ధపడుదురా? అందుచేత చాలా ఇండ్లలో కథ ఓడ దిగిన తరువాతనే మొదలవుతుంది. గుర్రం, బల్లెం, నిజాము కొలువు అనేవి వస్తవి. దానికి ముందటి అధ్యాయం మౌనం. ఆ మౌనాన్ని బలవంతాన పగులగొట్టే హక్కు మనకు లేదని నా అభిప్రాయం. మౌనముగా ఉన్నారని వ్రాసి పెట్టుకొంటే చాలును, అది కూడా చరిత్రే.

ఆ రిసాలా కాపురమున్న చోటు హైదరాబాదులో మాసాబ్ ట్యాంకు ప్రక్కన ఉన్నది. దాని పేరు ఏ.సీ. గార్డ్స్. ఈ కాలపు పిల్లలు ఏ.సీ. అనగానే చల్లగాలి యంత్రం అనుకొంటారు. బస్సులో ఒక పెద్దమనిషి ఆ పేటలో మంచి చల్లని గాలి వీస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చినదని నాకు బోధించినాడు. నేను ఎదురు చెప్పలేదు. ఆయన దిగవలసిన చోటు వచ్చినది. ఒక సేనాని స్తంభం మీద పొడి అక్షరాలు రెండువందల ఏండ్లుగా నిలిచినవి. ఒక రిసాలా పేరులోని రెండు పొడి అక్షరాలకు మాత్రం డెబ్బది ఏండ్లలోనే అర్థం మారిపోయినది.

వనపర్తి రాజభవనంలో నేడు పాలిటెక్నిక్ విద్యార్థులు చదువుకొంటున్నారు. ఆ వంశపు కడపటి రాజా జె. రామేశ్వరరావు గారు స్వాతంత్ర్యం వచ్చిన తరువాత భారత విదేశాంగ శాఖలో చేరి, ఆఫ్రికాలో మన దేశ ప్రతినిధిగా పనిచేసి, 1957 నుండి మహబూబ్‌నగరు లోక్‌సభ సభ్యులుగా ఉన్నారు. తాతలు ఆఫ్రికావారిని తమ గుమ్మానికి కాపలా పెట్టుకొంటే, మనుమడు భారతదేశం తరఫున ఆఫ్రికా గుమ్మం ముందు నిలిచినాడు. కాలం చేసే చిత్రాలు ఇట్లే ఉంటవి.

1948 సెప్టెంబరు 17న నిజాము ప్రభుత్వం లొంగిపోయినది. మరునాడు హైదరాబాదు సేనాధిపతి సయ్యద్ అహ్మద్ ఎల్ ఎడ్రూస్, మేజరు జనరల్ జె. ఎన్. చౌధురి గారికి సేనను అప్పగించినారు. ఎల్ ఎడ్రూస్ గారి వంశం కూడా హద్రమౌతునుండి వచ్చినదే. అరబ్బు సిపాయిలు అడుగు పెట్టిన రాజ్యపు సైన్యానికి చివరి సేనాధిపతి అరబ్బు సంతతివాడే కావడం గమనింపదగినది. ఆయన తన జ్ఞాపకాలను వ్రాసినాడు. "హైదరాబాద్ ఆఫ్ ది సెవెన్ లోవ్స్" అనే పేర ఆ గ్రంథం, ఆయన గతించిన చాలా ఏండ్లకు, 1994లో వెలువడినది. ఏడు రొట్టెల పేరు మొదటి నిజామును గూర్చిన ఐతిహ్యం నుండి వచ్చినది. సేనాధిపతి గనుక, ఇంగ్లీషు చదువుకొన్నవాడు గనుక, ఆయన కథ ఆలస్యంగానైనా అచ్చైనది. ఆయన క్రింద గుర్రం నడిపిన రౌతుకు అట్టి భాగ్యం కలుగలేదు.

ఆ రౌతునకు ఆ సంవత్సరాలలో కథ చెప్పుకొనవలసిన అవసరం మాత్రం తీవ్రంగా వచ్చినది. రిసాలాలు రద్దైనవి. జీతం ఆగినది, గుర్రం పోయినది. అరబ్బులు, పఠానులు మొదలైనవారిని పరదేశీయులుగా ఎంచి చాలామందిని నిర్బంధంలో ఉంచినారు. కొందరిని ఓడలెక్కించి పంపివేసినారు. 1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోనికి వచ్చినది. దాని 5వ అధికరణం ప్రకారం భారతదేశమే తన నివాసమైనవాడు పౌరుడు కావలెనంటే, అతడు ఈ దేశంలో పుట్టి ఉండవలెను, లేదా తలిదండ్రులలో ఒకరైనా ఇక్కడ పుట్టి ఉండవలెను, లేదా అంతకుముందు అయిదేండ్లకు తక్కువ కాకుండా ఇక్కడ నివసించి ఉండవలెను. చూచుటకు ఇది సులభమైన సూత్రమే. కాని బారకాసులో పుట్టిన పిల్లవానికి జనన పత్రం ఎవరు ఇచ్చినారు? తండ్రి ఏ సంవత్సరంలో ఓడ దిగినాడో ఎవరు వ్రాసినారు?

అట్టి వేళ ఇంటికథయే సాక్ష్యమైనది. ఏ రిసాలాలో ఎవరి క్రింద పనిచేసినాడు, ఏ వరదనాడు పెద్దకొడుకు పుట్టినాడు, తల్లి ఏ మొహల్లా ఆడపడుచు అన్న సంగతులు అంతవరకు రాత్రివేళ మనుమలకు చెప్పుకొనే ముచ్చటలు. 1908 సెప్టెంబరు మూసీ వరద వంటి సంఘటన ఒక్కటి జ్ఞాపకముంటే వయసు లెక్క తేలుతుంది. జ్ఞాపకం ఉన్న ముసలమ్మ ఉన్న ఇల్లు ఒక విధంగా గట్టెక్కినది. జ్ఞాపకం లేని ఇల్లు అధికారి దయ మీద ఆధారపడినది. మనిషి తన కథను పోగొట్టుకొంటే ఏమి పోగొట్టుకొంటాడని అడిగేవారికి ఆ రెండు మూడు సంవత్సరాలు జవాబు చెప్పును.

నిలిచినవారు పట్నంలో చేతికి దొరికిన పనిలో కుదురుకొన్నారు. కొందరు బండ్లు తోలినారు, కొందరు యంత్రాల మరమ్మతు నేర్చినారు, కొందరు పెండ్లిండ్లకు మర్ఫా వాయించినారు. మర్ఫా అనగా అరబ్బులు, సిద్దీలు తెచ్చిన డోలు మేళం. రిసాలా ఇళ్ళలో తాతల భాష తరం తరువాత తరం సన్నగిల్లి దక్కనీ ఉర్దూ మిగిలినది. తాళం మాత్రం చెక్కుచెదరలేదు. ఆ మేళంలోని ఒక దరువునే "తీన్‌మార్" అన్నారు, అనగా మూడు దెబ్బలు. తెలంగాణలో బోనాల ఊరేగింపుగాని, గణపతి నిమజ్జనంగాని, పెండ్లి బరాతుగాని తీన్‌మార్ లేకుండా సాగదు. మా చిట్యాలలో కూడా పెండ్లికొడుకు ముందు యువకులు ఆ దరువునకే చిందులు వేస్తారు. సిపాయి కథ మన చెవిని చేరలేదు కాని, అతని చేతి దెబ్బ మన కాలిని చేరినది.

ఈ కథలను కూర్చే ప్రయత్నం జరుగలేదని కాదు. హైదరాబాదులో పుట్టి అమెరికాలో స్థిరపడిన చరిత్రకారుడు కీర్తిశేషులు ఒమర్ ఖాలిదీ గారు అరబ్బులను గూర్చి, హబ్షీలను గూర్చి ఓపికతో వ్యాసాలు వ్రాసినారు. ఇథియోపియా దేశీయుడైన అబాబు మిండా యిమెనె గారు ఏ.సీ. గార్డ్స్ నివాసులతో మెలగి, వారి జీవితాన్ని గూర్చి రచించిన గ్రంథం 2004లో జర్మనీలో వెలువడినది. ఆఫ్రికావాడు ఆఫ్రికా సంతతివారి మాట వినుటకు మన పట్నానికి రావడం సంతోషమే. మన భాషలో మనము వ్రాసుకొన్నది ఎంత అని చూచుకొంటే మాత్రం తల వంచుకొనవలసి వస్తుంది.

అమెరికాలో కాంగ్రెసు గ్రంథాలయంవారు 2000 సంవత్సరంలో మాజీ సైనికుల జ్ఞాపకాలను సేకరించే పథకం ఒకటి మొదలుపెట్టినారు. అందులో నాకు నచ్చిన సంగతి ఒకటి. సేనాపతి, సామాన్య సిపాయి అనే భేదం లేదు. సేకరించేవారు పండితులే కానక్కరలేదు, పొరుగింటి పిల్లవాడైనా చాలును. సిపాయి తన గొంతుతో తాను చెప్పినది చెప్పినట్లే భద్రపరుస్తారు. అంతకంటె మించిన యంత్రాంగం మనకూ అవసరం లేదు.

గొంతు అన్న మాట ఊరకే అనలేదు. హైదరాబాదులో నిజాము కాలంనాటి దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసినది. ఆనాడే ఒక రౌతును ఆ మైకు ముందు కూర్చోబెట్టి అరగంట మాట్లాడించి ఉంటే, అతని దక్కనీలో ఏ అక్షరం ఆఫ్రికా నాలుకతో పలికినాడో నేడు మనము విని ఉండేవారము. 1948లో పద్దెనిమిదేండ్ల యువకుడు నేడు తొంభై అయిదు దాటిన వృద్ధుడు. రౌతులు ఇక దాదాపు లేరు. వారిని చూచిన కొడుకులు, కోడండ్రు, మనుమలు ఉన్నారు. అందులోనూ కోడండ్రను ముందుగా అడుగవలెను. మగవారు రిసాలా పేరును, నిజాము పేరును చెప్పి ఊరకుంటారు. జీతం ఎన్నడు ఆగినది, ఆ నెల ఏ నగ తాకట్టు పెట్టినారు, దుస్తులు ఏ పెట్టెలో దాచినారు అనేవి ఆడవారే చెప్పుదురు.

వినేవారికి కొంత జాగ్రత్త కూడా కావలెను. ప్రతి ఇంటి తాతా నిజాముకు స్వయంగా అంగరక్షకుడే అవుతాడు. ప్రతి కథలోనూ ఒక పులి, ఒక అశ్రఫీల సంచి తప్పక వస్తవి. నవ్వి త్రోసివేయరాదు, నమ్మి అచ్చు వేయించనూరాదు. ఇద్దరు అన్నదమ్ములు ఒకే సంగతిని రెండు విధాలుగా చెప్పితే రెండింటినీ వ్రాసికొనవలెను. సరిదిద్ది ఒకటిగా అతుకుట పండితులకు గల చెడ్డ అలవాటు. అటు తరువాత భాండాగారపు జీతాల పట్టికలతో సరిచూచుట చరిత్రకారుని పని, అది తీరికగా జరుగవచ్చును.

ఈ ప్రసంగం వినేవారిలో, చదివేవారిలో సిపాయిల ఇండ్లవారు ఉండవచ్చును. అరబ్బు, హబ్షీ, రోహిల్లా ఇండ్లే కానక్కరలేదు. వనపర్తి, గద్వాల సంస్థానాల బంట్ల ఇండ్లు కూడా మన సీమలో చాలా ఉన్నవి. అట్టివారి పెట్టెలలో బిళ్ళ గాని, ఉర్దూలో వ్రాసిన సెలవు చీటీ గాని, మాసిన ఛాయాపటం గాని ఉంటే, దానిని కడుగవద్దు, తుడువవద్దు, అట్టకు అంటించవద్దు. ఛాయాపటం వెనుక మెత్తని పెన్సిలుతో అందులోని వారి పేర్లు ఎడమనుండి కుడికి వరుసగా వ్రాయండి. తెలియనివారి చోటు ఖాళీగా ఉంచండి. ఇంటిలోని పెద్దవారిని అడిగి, వారు చెప్పిన మాటను వారి పలుకులోనే ఒక కాగితం మీద వ్రాసి, చెప్పినవారి పేరు, విన్నవారి పేరు, ఆనాటి తారీఖు క్రింద వేసి, ఒక ప్రతిని ఆ పెట్టెలోనే ఉంచి, మరొక ప్రతిని వేరొక ఇంటిలో ఉంచండి.